కీలు చూసి

ఫర్వానియా జమియాలో మాంసం కౌంటరు నాది.
పొట్టేలు తొడ చేతికొస్తే
కత్తికంటే ముందు బొటనవేలు పోతది,
కీలు ఏడుందో తడుముకుంట.
ఎముక మీద కొట్టెటోడు కొత్తోడు.
నేనట్ల కొడితే మా నాయిన కత్తి గుంజుకునెటోడు.

అఖామా కాగితం మీద ఒక మాట,
గూడ్సుబండి లెక్క పొడుగు.
మూడేండ్ల సంది జేబుల మోస్తున్న,
ఒక్కసారి చదవలే.

ఎనిమిదో గల్లా కాడ మారివిక్
వాళ్ల దేశంల ఒకటో తరగతి పంతులమ్మనట.
చాయ్ తాగంగ చెప్పింది:
గడ్డం కింద చెయ్యి పెట్టు, మాట పలుకు.
గడ్డం ఎన్నిసార్లు చేతికి తగిలితే
మాటకు అన్ని తునకలు.

గడ్డం కింద చెయ్యి పెడితే అవ్వ ఊకునేది కాదు,
ఇంటికి అరిష్టమని.
ఇది ఇల్లు కాదు గదా. పెట్టిన.
నాన్. ట్రాన్స్. ఫ. ర. బుల్.
అయిదు దెబ్బలు!
పక్క చేపల కౌంటరు బెంగాలీ
చప్పట్లు కొట్టిండు, దేనికో తెల్వకనే.

ఇది నోటి లెక్క, అన్నది మారివిక్.
అర్థం లెక్క వేరే. ఇప్పుడు కీళ్లు దేవులాడు.

ఆ ముక్క ముందే చెప్పొద్దా నాకు!
బిల్లు కాగితం వెనక రాయించుకొని
బొటనవేలు పెట్టి జరిపిన.
నాన్ అంటే లేదు.
ట్రాన్స్, అవతలి ఒడ్డు.
ఫర్ అంటే మోసుడు, ఎన్నటిదో పాత మాటట.
చివరిది, చాతనైతది అని.
నోటికి అయిదు, కత్తికి నాలుగే.
నోట్లె ఆ ర పోయి పక్క అచ్చును పట్టుకున్నది,
మన సంధి లెక్కనే.

నాలుగు తునకలు ట్రేల వరుసగ పెట్టి చూసిన:
అవతలి ఒడ్డుకు మోసుకపోను చాతగానిది.

"ఈ దుకాణం ఇడిసి ఇంకో దుకాణానికి పోవద్దని.
నా కాగితం మీద గూడ ఉన్నది."
ఇద్దరం జరంత నవ్వినం.
గిరాకి వచ్చింది, రెండు కిలోల ఖీమా.

అప్పటిసంది పొడుగు మాట కనవడితే బొటనవేలు ఊకోదు,
ఫ్రీజరు తలుపు మీద, దగ్గుమందు సీసా మీద.

శుక్రవారం తమ్మునికి ఫోను.
బోధన్‌ల సొంత దుకాణం తెరుస్తున్నడు,
తక్కెడకు పసుపు పెట్టి పిలిచిండు.
రాలేకపోతున్నందుకు ఏమనుకోకు అందామని
నోరు తెరిచిన.
మొదటి కీలు కాడనే లైను తెగింది.

వానికి ఇనవడ్డది రా ఒక్కటే.
మళ్ల కలిసినంక అడుగుతున్నడు,
ఏడికన్నా?