పొట్లం కాగితం

చియాతూరాలో, మార్చి చివర్లో,
మంచు కరిగి మాంగనీసు మసితో కలిసి
వీధంతా కాటుకలా కారుతున్న పూట,
రోప్‌వే మెట్ల దగ్గర త్సియాల అమ్మే
పొద్దుతిరుగుడు గింజలు గ్లాసుడు కొన్నాను.

గింజలయ్యాక పొట్లం విప్పితే
అందులో ఎర్మిలే గవాషెలి.

పేరు లేదు. పేజీ అంకె నూటపన్నెండు, అంతే.
అయినా వాక్యం నడక చూస్తే తెలీదూ?
ఒక కాలు కుంటుతూ, రెండో కాలితో గెంతుతూ
చివరికొచ్చేసరికి క్రియ కోసం
జేబులు తడుముకునే ఆ నడక.

పదకొండో ఏట, అమ్మ రాత్రి షిఫ్టుకెళ్తే
దుప్పట్లో టార్చి పెట్టుకుని ఆయన్ని చదివినవాణ్ణి.
ఇరవై నిండేసరికి "పిల్లల రచయితలే" అని
నలుగురిలో నవ్వేసినవాణ్ణి కూడా.

మర్నాడు మళ్లీ కొన్నాను. నూటపదిహేడు.
ఆ మర్నాడు నలభైమూడు.
వరసా వావీ లేదు, మేక ముందు చచ్చిపోయి
తర్వాత పుట్టింది.
ఉప్పుకి నాలిక పగిలింది. కోటు జేబుల్నిండా పొట్టు.
గని తూకం గదిలో, లారీకీ లారీకీ నడుమ,
పేజీలు బల్ల మీద పరిచి
ఎగరకుండా ఐదు కిలోల గుండు పెట్టేవాణ్ణి.

ఏడో రోజు అడిగేశాను.
"మిగతా పుస్తకం ఎంతకిస్తావు?"
ఎగాదిగా చూసింది.
"గింజలు కొనుక్కో, మాల్ఖాజ్. ఆ పుస్తకం ఒట్టి అబద్ధం."

ఏదో చలికాలం, సాయంత్రం, కరెంటు పోయి
డబ్బా లోయ మధ్యలో వేలాడిపోయిందట.
లోపల తను, మొగుడికి పట్టుకెళ్తున్న చిక్కుడుగింజల కూర,
ఒక మేక, ముక్కు కారుతున్న కుర్ర గుమస్తా.
కిందికి చూసి వాడు ఏడుపందుకున్నాడు.
"ఏం చెయ్యను? నోటికొచ్చిందల్లా చెప్పాను,
ఈ మేకే చెబుతున్నట్టు. నాలుగు గంటలు.
నా కూరంతా తిన్నాడు. దిగాక వెనక్కి తిరిగి చూళ్లేదు.
పదేళ్లకి పుస్తకం పంపాడు.
అందులో మేకని చంపేశాడు!
నా మేక పద్నాలుగేళ్లు బతికింది, తెలుసా?"

అంటూనే ఇంకో పేజీ చర్రున చింపి
ఎవరో పిల్లకి గింజలు పోసింది.

నేనేమో ఇన్నేళ్లూ
ఆయన నుదుటి వెనక ఎక్కడో ఊట ఉందనుకున్నాను.
కాళ్ల కింద లోయ. పక్కన ఒక నోరు.
ఆ నోటికి వాడి భయం కనబడటం.
అంతేనా అంటే, అంతే అనలేను.
ఆ కుంటినడక మాత్రం ఆయనదే.
మేక చావు కూడా ఆయనదే.
ఆ చావు దగ్గర పదకొండేళ్ల నేను
దుప్పటి కరుచుకుని ఏడ్చాను, ఆ సంగతి త్సియాలకి చెప్పలేదు.

ఆ రాత్రి తూకం గదిలో
నూటపదిహేడో పేజీ అంచున, నూనె మరక పక్కన,
"మేక చావలేదు" అని పెన్సిలుతో రాశాను.
కింద కాస్త చోటుంది.
బయట లారీ హారన్ కొట్టింది.
ఉండమన్నాను.