మూడుసార్లు పిలిచాను

ఈ వారం కోర్టులో మైకులు బిగించారు.
వరండా స్తంభానికొక బూడిదరంగు పెట్టె,
గోడకి తెర, తెర మీద ఎర్రటి అంకెలు.
ఇకమీద ఎవరి పిలుపూ గాలికి పోదని
అమరావతి నుంచి వచ్చిన కమిటీ వాళ్లు
జీడిపప్పు నములుతూ చెప్పారు.
నిజమే. మంచిదే.
ఎంత మంచిదో నాకు తెలిసినట్టు వాళ్లకి తెలీదు.

ఉద్యోగంలో చేరినప్పుడు బిళ్ల బంట్రోతుని.
గుమ్మంలో నిలబడి ఒక్కో పేరూ మూడుసార్లు పిలవాలి.
ఆ రోజు సూరాడ దానయ్య, ముద్దాయి తరఫు సాక్షి.
నేను నోరు తెరిచానో లేదో హార్బరులో ఓడ కూసింది.
ఆ కూత డాల్ఫిన్ కొండకి కొట్టుకుని తిరిగొచ్చేదాకా
ఈ ఊళ్లో ఎవరి మాటా ఎవరికీ అందదు.
ఆగొచ్చు.
ఆగలేదు.
లోపల జడ్జిగారికి భోజనం వేళ.
కూత కిందే మూడుసార్లూ పిలిచేశాను.
‘సాక్షి గైరుహాజరు’
గుమాస్తా కలం అప్పటికే కాగితం మీద ఉంది.
దానయ్య సైకిలు స్టాండు పక్కన
కొత్త లుంగీ కట్టుకుని
ఎండలో నిలబడే ఉన్నాడు.

గరికిన బండియ్యకి ఏడేళ్లు పడింది.
పోర్టులో రాగితీగ పోయిన కేసు.
ఆ రాత్రి ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారని చెప్పడానికి
ఉన్నది ఒక్క నోరు.
నాలుగో ఏట పాత జైల్లోనే పోయాడు.
ఆ జైలు ఇప్పుడు లేదు, పార్కయింది.
సాయంత్రాలు పాటకి తగ్గట్టు నీళ్లు ఎగురుతాయి.
మా మనవరాలు పీచుమిఠాయి తింటుంటే
నాలుగో నంబరు గది ఎక్కడుండేదోనని
బెంచీ మీద కూర్చుని అడుగులు లెక్కేస్తుంటాను.

అతని భార్య నూకాలు ప్రతి సోమవారం వస్తుంది.
చేపల గంప గేటు బయట దించి,
చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్లీ కడుక్కుని,
“ఆ కేసు మల్లీ ఇప్పండి బాబూ.”

కొత్త జడ్జమ్మ చెడ్డమనిషి కాదు.
రాత్రి తొమ్మిదింటికి కూడా ఆమె గదిలో లైటు వెలుగుతుంది.
“పదకొండు వేల కేసులున్నాయమ్మా.
పోయినవాళ్ల కట్ట విప్పితే
జైల్లో ఉన్నవాళ్ల వాయిదా ఇంకో నెల జరుగుతుంది.
ఏం చెయ్యమంటావు?”
నిజంగానే అడిగింది.
నూకాలు చాలాసేపు ఆలోచించింది.
“లోపలున్నోల్నే ముందు ఇడిపించమ్మా” అంది.
పై సోమవారం మళ్లీ వచ్చింది.

ఇప్పుడు నా పని రికార్డు గదిలో.
ముప్ఫై ఏళ్లు దాటినవి రెండు కుప్పలు,
స్కానింగుకి ఒకటి, చింపడానికి ఒకటి.
బండియ్య కట్ట రెండోదాంట్లో దొరికింది.
చెదల మట్టి, ఉప్పుగాలి తినేసిన అంచులు.
‘గైరుహాజరు’ ఒక్కటే చెక్కుచెదరలేదు.
మంచి సిరా.

జడ్జమ్మకి చెప్పొచ్చు.
ఓడ సంగతి, భోజనం వేళ సంగతి.
నా పింఛను కాగితాల మీద ఇంకా సంతకం కాలేదు.
చూశారా,
నేనూ వాయిదానే అడుగుతున్నాను.

నిన్న గురువారం మైకు పరీక్ష.
ఏదో ఒకటి పలకండి సార్, అన్నాడు కుర్రాడు.
సూరాడ దానయ్యా!
స్తంభాలన్నీ ఒక్క గొంతుతో అన్నాయి.
తీరిగ్గా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ, మూడుసార్లు.
నోటరీల బల్లలు దాటి, జిరాక్సు షాపు దాటి వెళ్లింది.
నీళ్ల క్యాన్లు మోసేవాడొకడు తల తిప్పాడు.
దానయ్యని సముద్రం తీసుకుని పదేళ్లయింది.
గురువారం నూకాలు రాదు.
“ఏ కేసు సార్? తెర మీద అంకె వెయ్యాలి.”
బాగానే వినపడుతోందిలే, అన్నాను.

కట్ట ఇప్పుడు రెండో కుప్పలో లేదు.
మొదటిదాంట్లోనూ లేదు.
మా ఇంట్లో, బియ్యం డబ్బా వెనక ఉంది.
ఇదీ నేరమే, సెక్షను కూడా తెలుసు.
రాత్రి మా ఆవిడ చూసింది.
ఏంటా మూట, అంది.
చెప్పబోయాను.
హార్బరులో ఓడ కూసింది.

ఈసారి ఆగాను.