కాలి

మా రాయగడలో నిన్నకీ రేపుకీ
ఒడియాలో ఒకటే మాట. కాలి.
గుడ్డ నా బల్ల మీద పడేసి
"కాలి దరకార్" అంటుంది మినతి అపా.
నాలుగు రోజులాగి వచ్చి
"కాలి ఇస్తానన్నావు కదే" అంటుంది.
రెండుసార్లూ తలూపుతాను.
ఆ మాటకి తెలుగులో అర్థమేమిటో
పొయ్యి మీద నేను మరిచిపోయిన పాలగిన్నెనడగండి.

పార్వతీపురం నించి పెళ్లయి వచ్చినప్పుడు
రోజు చీరంత ఉండేది నాకు,
కుచ్చిళ్లు పోసుకోగా ఇంకా మిగిలేది.
ఇప్పుడది జాకెట్టు ముక్క.
మజ్జిగౌరమ్మ చైతి పండగ ముందు
అదీ కాదు, పైపింగుకి కోసిన పీలిక.

ఈయనది తెరుబాలిలో షిఫ్టు.
ఆయనొచ్చేసరికి నేను మిషను మీద,
నేను లేచేసరికి ఆయన నిద్రలో.
మా కాపురం ఫ్రిజ్జు తలుపు మీద చిట్టీల్లో నడుస్తోంది.
"గ్యాసు అయిపోవచ్చింది."
"పిల్లకి ముందు పన్ను ఊడింది. నువ్వు చూశావా?"
ఆ రెండో చిట్టీకి
మూడు రోజులు జవాబు రాయలేదు నేను.

ఫోనులో ఒకాయన చెప్పాడు
తెల్లారగట్ల నాలుగింటికి లేస్తే జీవితం మారుతుందని.
లేచాను.
నాలుగింటికి లేచి హుక్కులు కుట్టాను.

నాకు పని నేర్పిన జోగారావు మేస్త్రి
కత్తెర పట్టనిచ్చిన మొదటి రోజే అన్నాడు:
"కొలతకి కొలత కోసీకే గుంటా,
లోపల రెండు వేళ్లు ఒగ్గు.
ఒల్లు రేపెలాగుంటాదో నీకేటి తెల్సు?"
ఊరందరి జాకెట్లలోనూ ఒగ్గేను.
బాలింతలొచ్చి కుట్టు విప్పించుకు పోయారు,
నవ్వుకుంటూ.
నా గంటల్ని మాత్రం
గీత మీదే కోసేస్తూ వచ్చాను.

మొన్న ఆర్డరు పుస్తకం తిప్పుతుంటే
నలభై మూడో నంబరు నా చేతిరాత కాదు.
గుండ్రటి ఒడియా అక్షరాలు, కూడబలుక్కుని చదివాను.
పేరు: లిప్సా, మూడో తరగతి.
ఏం కుట్టాలి: వేలాడే వంతెన.
కొలత: ఒక సాయంత్రం.
ఇవ్వాల్సిన రోజు: కాలి.
పక్కన రెండు రూపాయల బిళ్ల, టేపుతో అంటించి,
అడ్వాన్సు.

వెంటనే లేచి వెళ్లాననుకునేరు. లేదు.
ఆ రోజు సబితా టీచరు బ్లౌజు.
మర్నాడు ఎవరిదో నిశ్చితార్థం.
మూడో రోజు, గురువారం,
విశాఖ బండి కూత వినబడేలోపే
మిషను మీద దుప్పటి కప్పాను.
మనిషిని పడుకోబెట్టినట్టే అనిపించింది.
షట్టరు సగం దించగానే ముగ్గురొచ్చారు.
ఇద్దరు ఎదురు కొట్టుకి వెళ్లిపోయారు.
(ఒకామె తర్వాత తిరిగొచ్చింది, చంకలు బిగుతని.)

నాగావళి మీద వంతెన ఊగుతోంది.
లిప్సా కావాలనే ఇంకా ఊపుతోంది.
నాకు మొదట నీళ్లు కనబడలేదు,
ముందు నడిచే ఆవిడ వీపు మీద వంకర కుట్టు కనబడింది.
చాలాసేపు అదే చూశాను.
తర్వాత ఆవిడ పక్కకి తప్పుకుంది,
నది ఉంది.
పిల్ల నోరు తెరిచి చూపించింది,
ఊడిన చోట తెల్లటి కొస, బియ్యపు నూకంత.
అది రావడం ఎప్పుడు మొదలుపెట్టిందో.

ఫోను మోగింది. మినతి అపా.
"కాలి" అన్నాను.
ఈసారి ఏ వైపు కాలో
నాకు బాగానే తెలుసు.

అలాగని అన్ని గురువారాలూ కుదురుతున్నాయని కాదు.
పోయిన వారం కుదరలేదు.
ఆ రెండు రూపాయల బిళ్ల
దారపుండల డబ్బాలోనే ఉంది,
నలభై మూడో నంబరు
ఇంకా కొట్టేయలేదు.