రెండు తీగల కింద

పదకొండు రోజుల సెలవు.
యూనియన్ ఆఫీసులో నెల్యా రెండు కాగితాలు నా ముందుకు తోసింది:
సరస్సు ఒడ్డున శానిటోరియం, మూడు పూటలా తిండి,
నడుముకి బురద వైద్యం.
లేదంటే అంతాల్యా, వాయిదాల మీద.
మూడోది అడిగాను.
మూడోది లేదంది.

మూడోది ఓష్ బజార్ గోడ మీద ఉంది,
ఒక మూల ఊడి, గాలికి తోకలా ఊగుతూ:
గుర్రాలు. గుడారం. ఏడు రాత్రులు. కనుమ అవతల.
కింద ఫోన్ నంబరు. చివరి అంకె ఎవరో చింపుకుపోయారు.
సున్నా నుంచి మొదలెట్టి,
ఒక పళ్ళ డాక్టర్నీ, నిద్రలో ఉన్న ఒక ముసలాయన్నీ దాటుకుని
ఆరో అంకె దగ్గర ఆ కుర్రాడి గొంతు పట్టుకున్నాను.

"బరువెంతక్కా?" అదీ అతని మొదటి మాట.
ఆరు కిలోలు మింగేసి చెప్పాను.
"స్వారీ అలవాటుందా?"
అది మింగలేకపోయాను.
కిర్గిజ్ ఆడదాన్నై పుట్టి, యాభై రెండేళ్ళొచ్చి,
గుర్రం ఎక్కలేదని చెప్పడం
చేపపిల్ల ఈత రాదని ఒప్పుకోవడం.
అతను నవ్వలేదు. పేరు అడిగాడు. బురుల్, అన్నాను.

నాకొచ్చింది ట్రాలీబస్సు.
ఇరవై ఆరేళ్ళుగా బిష్కేక్ వీధుల్లో
నెత్తిన రెండు తీగలు, వాటిని పట్టుకుని రెండు కర్రలు.
తీగ ఎటంటే నేనటు.
మలుపులో కర్ర జారితే
వానలో దిగి, రబ్బరు తొడుగులేసుకుని,
వెనకనున్న తాడు లాగి మళ్ళీ తగిలించడం.
నా చేతికి తెలిసిన కళ్ళెం అదొక్కటే.

చెల్లెలు అసిల్ చెంచా కింద పెట్టింది:
"డబ్బిచ్చి మరీ చలిలో పడుకుంటావా?
తాత ఆ పని ఊరికే చేసేవాడు.
చేయలేకే కదా పట్నం వచ్చాడు."
నిజమే. ఆ రాత్రి ఆ నిజం పక్కనే పడుకున్నాను.
పొద్దున లేచి అడ్వాన్సు పంపాను.

"దీని పేరేంటి?"
"గుర్రానికి పేరెందుకక్కా, రంగుంది కదా," అన్నాడు మైరమ్.
చింతపండు రంగుది. మెడ మీద పాత కాటు గుర్తు.
నేను ఎక్కి కూర్చోగానే
ముక్కుతో ఒక్కసారి పొడుగ్గా గాలి వదిలింది.
ఆ ఆరు కిలోల సంగతి దానికి తెలిసిపోయింది.

దిగుడులో నా కుడికాలు బ్రేకు కోసం తడిమింది.
స్టాపు లేని చోటల్లా ఆగిందది,
అడవి ఉల్లికాడ కోసం, ఊరికే చూడ్డం కోసం.
వెనక సీట్లోంచి ఎవరూ గొణగలేదు.
ఒక యుర్తా ముందు ఒకావిడ, బుగ్గలు ఎండకి పగిలి,
పులిసిన గుర్రప్పాలు గిన్నెడు పోసిచ్చి
నా కాళ్ళ వంక చూసి జాలిపడింది.
తొడలు ఒరుసుకుపోయి, రెండు రోజులు నిలబడే తిన్నాను.

కనుమ మీద, అలవాటున, తల పైకెత్తాను.
తీగల్లేవు.
కళ్ళు తిరిగాయి. జీను పట్టుకున్నాను.
"ఎత్తు వల్ల," అన్నాడు మైరమ్.
అలాగే అనుకోనీ అనుకున్నాను.

రాత్రి. గుడారం గుడ్డ మీద మంచు చిటపట.
బయట ఏదో దబ్‌మంటోంది. ఆగి, మళ్ళీ దబ్.
టార్చి వేసి చూస్తే అదే, నా చింతపండు రంగుది,
ముందరి కాళ్ళు రెండూ కలిపి తాడుతో బంధం.
రెండు కాళ్ళూ ఒక్కసారే ఎత్తి గెంతుతూ మేస్తోంది.
"పారిపోకుండా," అన్నాడు సంచిలోంచి మైరమ్, కళ్ళు తెరవకుండానే.
చాలాసేపు కూర్చున్నాను.
విప్పడం నాకు రాదు. వచ్చినా విప్పేదాన్నో లేదో.

తెల్లారి చూస్తే వాగుకి అవతల ఉంది.
బంధం బంధంలానే ఉంది.
మైరమ్ బూట్లు విప్పి, మెడకి వేలాడేసుకుని,
మంచునీళ్ళలో దిగి, దాని ఏడు తరాలనీ తిడుతూ దాటుతున్నాడు.
నేను టీ కాస్తున్నాను.
ఎవరి పక్షాన ఉన్నానో అతనికి చెప్పలేదు.