నిడదవోలు నుంచి పగటి బండి

ముప్పైఒక్క ఏళ్ళు
ఈ ఊళ్ళన్నిటినీ చెక్క అరల్లో పెట్టాను.
తణుకు పై వరస, మోచేతి ఎత్తున అత్తిలి,
పాలకొల్లుకి వంగాలి.
ఆరెమ్మెస్ పెట్టె కిటికీలకి ఇనప వల, వల మీద మసి,
రాత్రి పదిన్నరకి ఎక్కితే తెల్లారగట్ల దిగడం.
ఊరంటే నాకు లక్క వాసన,
గోనెసంచి మూతికి కట్టిన చీటీ.
బయట చేలున్నాయని
కప్పల గోలని బట్టి తెలిసేది.

ఇప్పుడు ఇరవై రూపాయల టిక్కెట్టు కొని
పగటి పాసింజర్లో కూచున్నాను,
పనిలేని అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి.

నిడదవోలు దాటగానే కాలవొకటి పక్కన చేరింది.
కాసేపు మాతో పోటీపడి
ఓ లాకు దగ్గర ఆగి
నీళ్ళు పంచే పని చూసుకుంది.
కాల్దరి. ఇంతేనా కాల్దరి?
ఒక వేపచెట్టు, రెండు బల్లలు, బల్ల మీద కుక్క.
దీని పేర ఎన్ని మనియార్డర్లు కట్టలు కట్టానో!

తణుకులో మడ్డి వాసన
టిక్కెట్టు లేకుండా ఎక్కింది.
రేలంగి దగ్గర ఊడ్పులు.
వంగిన నడుములు బండి వెళ్ళేదాకా నిటారుగా నిలబడ్డాయి.
అత్తిలి దాటాక పచ్చ పలచనై, చేలన్నీ చెరువులై,
చెరువుల్లో చక్రాలు తిరుగుతూ
రొయ్యలకి ఊపిరి పోస్తున్నాయి.
"ఏంటండీ అలా చూస్తన్నారు, నీళ్ళేగా"
అన్నాడు, పొలం చెరువు చేయించిన పక్కాయన.

నా ఉద్దేశం పాలకొల్లు.
అక్కడ ఎప్పటివో డచ్చివాళ్ళ సమాధులున్నాయట,
రాతి మీద అక్షరాలు ఇంకా కనిపిస్తాయట.
చిరునామాలు చదవడం తప్ప ఏమీ రానివాణ్ణి,
ఇక మారని చిరునామాలు ఎలా ఉంటాయో చూద్దామని.

భీమవరంలో ఎక్కింది సువార్తమ్మ,
ఒళ్ళో లేసు మూట, వేళ్ళ మధ్య కొక్కెం సూది.
నరసాపురం షావుకారుకి ఇవాళే అప్పజెప్పాలట,
ఇంకా నాలుగు పువ్వులు బాకీ.
దారపుండ దొర్లి నా చెప్పుల దగ్గరికొస్తే
"కాస్త పట్టుకోండి బాబూ" అంది.
పట్టుకున్నాను.
"దారం తక్కువేనండి, అంతా కంతలే.
కంత సమంగా రాకపోతే డబ్బులు కోసేస్తారు."

మాటల్లో నా ఉద్యోగం చెప్పాను.
సూది ఆగింది.
"అయితే మీరేనా, మా లంకలకోడేరు కార్డుల్ని
లంకల గన్నవరం పంపేసింది?"
నవ్వుతూనే అడిగింది.
"మా అమ్మ పోయిందని తమ్ముడు రాసిన కార్డు
గోదారి దాటి, తిరిగి దాటి,
సమాధికి సున్నం కొట్టాక వచ్చిందండి."

ఏ సంవత్సరమని అడగలేకపోయాను.
రాత్రి రెండింటికి దీపం వణుకుతుంటే
'లంకల' దాకా చదివి
చెయ్యి దానంతటదే వెళ్ళిపోయేది.
నాకు తెలుసు ఆ అర.
"నేనే అయ్యుంటానమ్మా."
"ఆయ్" అంది. అంతే.
మళ్ళీ సూది కదిలింది, నా గుప్పిట్లోంచి
దారం కొంచెం కొంచెంగా వెళుతూ.

లంకలకోడేరులో బండి ఒక్క నిమిషం ఆగింది.
ఆవిడ తలెత్తలేదు.
నేను బోర్డు మీద ప్రతి అక్షరం
చివరిదాకా చదివాను.

పాలకొల్లు ఎప్పుడొచ్చిందో,
ఆ పొడుగాటి గోపురం ఏ కిటికీలోంచి వెళ్ళిపోయిందో!
చేతిలో ఉండ ఉంది, ఎలా దిగుతాను?

నరసాపురం. ఇక పట్టాల్లేవు.
దారం తెంపి, మిగిలిన ఉండ తీసుకుని
"పాలకొల్లులో దిగాలన్నారుగా?" అంది.
"వచ్చే వారం."
"సమాధులు ఎక్కడికీ పోవులెండి."
మూట చంకన పెట్టుకుని
జనంలో కలిసిపోయింది.

తిరుగు బండికి గంటుంది.
రేవు దాకా నడిచాను.
పంటు మీద ఆరు మోటారు సైకిళ్ళు, ఓ మేక,
పెళ్ళికెళుతున్న బ్యాండుమేళం.
అవతలి గట్టున
లంకల గన్నవరం బస్సు దొరుకుతుందా
అని తాడు విప్పుతున్న కుర్రాణ్ణి అడిగాను.
"ఎవరున్నారండీ అక్కడ మీకు?" అన్నాడు.