పదమూడు కిలోల పీపా

కావలి ట్రంకు రోడ్డు పక్కన
మాలకొండయ్య పాతసామాన్ల కొట్లో
విరిగిన కుట్టుమిషన్లకీ చొట్టపడ్డ కూలర్లకీ నడుమ
బోర్లించిన బీరు పీపా, స్టీలుది.
మిట్టమధ్యాహ్నపు ఎండ దాని మీద తెల్లగా నిలబడి ఉంది.
నా కన్ను అక్కడే ఇరుక్కుంది.

"పదమూడు కిలోలబ్బయా. కిలో నూట ముప్పై.
నువ్వు కాబట్టి నూట పాతిక."

కాలేజీ లాబులో ఇరవై ఆరేళ్లు
గాజుసీసాలు కడిగిన చేతులివి.
రిటైరయ్యాక నేరేడుపళ్లు పులియబెడుతున్నా,
ఇంటి వరకే. క్రిస్మస్‌కి దావీదు ఇంటికో సీసా,
మిగతాది నాకూ మా ఆవిడకీ, తలుపేసుకుని.
జాడీలో అయితే గాలి పోతుంది.
ప్లాస్టిక్కులో పోస్తే ప్లాస్టిక్కే తాగాలి.
పీపా అట్టా కాదు. మూత బిగిస్తే మూడు నెలలైనా
తన ఊపిరి తనే పట్టుకుంటుంది.

దగ్గరికెళ్లి వంగి చూశా.
అడుగంచు చుట్టూ, స్టీలులోకే దిగేట్టు కొట్టిన అక్షరాలు:
ఫలానా కంపెనీ సొత్తు. అమ్మరాదు. కొనరాదు.
వేలితో తడిమితే ఇంకా పదునుగానే ఉన్నాయి.

"చదవబాక" అన్నాడు మాలకొండయ్య,
"చదివితే ఈ కొట్లో ఏదీ కొనలేవు."

తుమ్మలపెంట దోవలో మా తాత తాళ్లెక్కేవాడు.
రాత్రుళ్లు ఎవరో ఎక్కి కల్లు తాగిపోయేవాళ్లు.
తెల్లారి తాత కిందనుంచే పైకి చూసి తిట్టేవాడు,
సగం నవ్వుతూనే.
లొట్టి మాత్రం ఎప్పుడూ ఎక్కడిదక్కడే.
దొంగక్కూడా తెలుసు:
కల్లు రేపు మళ్లీ ఊరుతుంది.
లొట్టి ఊరదు.

ఆ మాట తలుచుకుని
తిరిగొచ్చేసేవాణ్ణే.
ఇంకోటి అడ్డమొచ్చింది.
మా అమ్మ బియ్యం పోసుకున్న అల్యూమినియం క్యాను.
దాని భుజాన పాల డైరీ పేరు, కింద ఒక నంబరు.
అది మా ఇంటికెట్టా వచ్చిందో ఎవరూ అడగలా.
ఆ బియ్యం తినే
నేనింత న్యాయం నేర్చుకున్నా.

"యాడిదిది?"
చెప్పడనుకున్నా. చెప్పాడు.
నెల్లూరులో బారు మూతపడింది. ఓనరు ఫోనెత్తడు.
గ్లాసులు కడిగే చెంచయ్యకి, వింజమూరు పక్క పిలగాడు,
ఐదు నెలల జీతం బాకీ.
జీతం కింద పీపా ఎత్తుకుని
గోనెపట్టా కప్పి బస్సెక్కాడు.
కండక్టరు దానికీ ఒక టికెట్టు కొట్టాడంట.

లెక్కేశా. లాబు అలవాటు.
కంపెనీ దగ్గర బారు డిపాజిట్టు.
బారు దగ్గర చెంచయ్య ఐదు నెలలు.
చెంచయ్య చేతిలో మాలకొండయ్య ఎనిమిది వందలు.
ఎట్టా కలిపినా
అటు పక్కా ఇటు పక్కా సరిపోలా.
ఈ పదమూడు కిలోల్లో కంపెనీదెంత, పిలగాడిదెంత?
తక్కెడ మొత్తమే చెబుతుంది,
వాటాలు చెప్పదు.

కంపెనీకి ఫోను చేశా.
చాలాసేపు వాయిద్యం వినిపించాక ఒకమ్మాయి:
"మీది బారా, షాపా సార్?"
రెండూ కాదమ్మా, పీపా కనపడింది.
"కనపడటం అనే ఆప్షను లేదు సార్."

ఆ వారమంతా ఇంట్లో
తడిగుడ్డ కింద జాడీ గుసగుసలాడుతూనే ఉంది.
నేరేడు రసానికి నా తీర్పుతో పనేముంది,
దాని పొంగు అది పొంగుతుంది.
కొనను అని ఒక పూట, కొని ఆ డబ్బు తేడా
చెంచయ్యకి పంపుతాను అని ఒక పూట.
మా ఆవిడ అంది: "ఇంత ఆలోచిస్తే
అది వైను కాదు, వెనిగరవుతుంది."

బేస్తవారం డబ్బు జేబులో పెట్టుకునే వెళ్లా.
పీపా లేదు.
గ్రైండరుతో రెండు ముక్కలు చేశారు.
పై ముక్క టీకొట్టుకి పొయ్యిగా పోయింది.
అడుగు ముక్క, అక్షరాలున్నది, కొట్టు ముందే ఉంది.
నిండా నీళ్లు.
మాలకొండయ్య కుక్క దాంట్లో మూతి పెట్టి
తీరిగ్గా తాగుతోంది.
అది అమ్మలా, కొనలా.