ఎడమ పక్క మూత

బేరం పది నిమిషాల్లో తెగిపోయింది.
అప్పగింతలకే పట్టింది పొద్దంతా.

వాండెగెయాలో మెకానిక్ షెడ్డు ముందు
జిడ్డు ఇంకి నల్లబడ్డ మట్టిలో గొంతుక్కూర్చుని
సెబులిబా బండిని చూపించడం మొదలుపెట్టాడు,
ఇల్లు ఖాళీ చేసేవాడు కొత్తగా దిగేవాళ్లకి
ఏ గూట్లో ఏముండేదో చెప్పినట్టు.

"సీటు కింద బోలెడు చోటుందనుకుంటారు. లేదు.
బ్యాటరీ పక్కన బెత్తెడు సందు, అంతే.
అందులో స్పార్క్ ప్లగ్గు, పాత సాక్సులో చుట్టి.
సాక్సు ఎందుకంటావా?
మార్చేటప్పుడు చెయ్యి కాలకుండా."

కాగితాలకి రెండు పాలిథిన్ సంచులు.
వాన తగలకుండా ఒకటి,
విప్పేలోగా పోలీసుకి విసుగొచ్చేలా ఇంకొకటి.

రైన్‌కోటు హెడ్‌లైటు వెనక, చుట్ట చుట్టి.
నకసెరో కొండ సగం ఎక్కేసరికి
మబ్బు మనసు మార్చుకుంటుందట.

హ్యాండిల్‌కి చుట్టిన ట్యూబు ముక్క విప్పి లాగి చూపించాడు:
కోడైనా, మటోకే గెలైనా, కిటికీ అద్దమైనా
దీని మాట వినాల్సిందే.

"చిల్లర మాత్రం జేబులో వేసుకోకు నబ్విరే.
ట్యాంకు కవరుకి జిప్పు చెడిన అర ఉంది, అందులో వెయ్యి.
చిల్లర లేదని చెప్పాక
జేబు గలగలమంటే బాగోదు."

ప్యాసింజరు హెల్మెట్ ఆదివారం ఆదివారం ఎండబెట్టమన్నాడు,
ఊళ్లోవాళ్ల తలనూనెలన్నీ అందులోనే కాపురముంటాయని.

అన్నీ అడిగాను. ఒక్కటి అడగలేదు,
నెలకోసారి నాకు కావలసిన ప్యాకెట్టు ఎక్కడ దాచుకోవాలో.
అతని గూళ్లలో దానికి చోటు లేదు.
తర్వాత నేనే కనిపెట్టాను:
ఎయిర్ ఫిల్టరు డబ్బా మీద,
పొడిగా, ఏ మెకానిక్కూ ఊరికే చెయ్యి పెట్టని చోట.

"ఎడమ పక్క మూత బిగుసుకుపోయింది,
దాని జోలికి పోకు" అని
తాళంచెవి నా చేతిలో పెట్టి
వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.
కాళ్లు ఎడంగా పెట్టి నడిచాడు,
బండి ఇంకా మధ్యలో ఉన్నట్టు.

మూడు వారాలకి న్టిండాలో ఫ్యూజు పోయింది.
రెండొందల షిల్లింగుల బిళ్ల పెట్టి తిప్పితే
మూత మర్యాదగా ఊడొచ్చింది.

లోపల ఫ్యూజుల పక్కన, వార్తాపత్రిక పొట్లంలో
కళ్లజోడు.
మందపాటి అద్దాలు.
ఒక కాడకి నల్లదారం చుట్టి, కొస పళ్లతో కొరికినట్టుంది.

ఫోను చేశాను.

"అదా... ఓ ముసలావిడది.
ములాగో ఆస్పత్రి గేటు దగ్గర దిగి
మందుచీటీ చదివిపెట్టమంది.
అవి లేకపోతే నాకూ అక్షరాలు కనపడవనుకుందేమో,
తన కళ్లజోడు తీసి నా ముక్కు మీద పెట్టింది.
చదివాను.
చీటీ తీసుకుంది, దీవించింది, లోపలికి పోయింది.
మలుపు తిరిగాక గానీ తెలీలేదు
రోడ్డెందుకు వంకర్లు పోతోందో."

"వెనక్కెళ్లలేదా?"

"వెళ్లాను. అన్నీ అలాంటి తలగుడ్డలే.
మర్నాడూ వెళ్లాను. నాలుగేళ్లయింది."

"మరి పారెయ్యనా?"

అటువైపు ఏదో బోడా హారన్ కొట్టుకుంటూ పోయింది.
అది పూర్తిగా దూరమయ్యేదాకా మాట్లాడలేదతను.
"అది బండితో పాటే" అన్నాడు.

"బేరంలో చెప్పలేదే?"

"చెప్తే ఇంకో యాభైవేలు తగ్గించేదానివి."

ఫ్యూజు మార్చాను.
పొట్లం చీకిపోయింది, ఆ రోజు పేపరు చింపి చుట్టాను.
దారం కూడా వదులైంది గానీ
దాన్ని ముట్టుకోలేదు.

ములాగో గేటు దగ్గర నాకేం పని లేదు.
అక్కడి స్టేజీ కుర్రాళ్లు కొత్తవాళ్లని నిలబడనివ్వరు,
ఆడమనిషినైతే మరీను.
అయినా అటు పోతే చాలు
కుడికాలు దానంతటదే బ్రేకు మీదకి పోతోంది.

బండికి అలవాటైపోయింది కాబోలు.